తలుపు అవతలి మొర

మా సంఘకాపరి మూడేళ్లు మా కోసం ప్రార్థించలేదు. ప్రార్థిస్తున్నాడని మమ్మల్ని నమ్మనిచ్చాడు.

రెండువేల సంవత్సరం దాటాక, సూరత్‌లో జరిగిన మాట. వడోద్ పేటలో, మా తెలుగు కూలీల రేకుల మందిరం వెనక ప్రార్థన గది ఉండేది. రోగుల పేర్లు చీటీల మీద రాసి తలుపు కింద నుంచి తోసేవాళ్లం. మధ్యాహ్నం ఆయన ఉపవాసంతో లోపల మొరపెట్టేవాడు. మేం బయట మోకరించి వినేవాళ్లం. ఆ వేళ తలుపు తట్టడం పాపమని మాకు మేమే పెట్టుకున్న కట్టుబాటు.

నేను రంగుల మిల్లు కూలీని. బైబిలు ముందేసుకుని అక్షరాలు నేర్చినవాణ్ణి. మా ఇంటామెకు ఊపిరి అందని జబ్బు చేస్తే ఆమె పేరు రాసి తోశాను. రోజూ నేను ఇంటికి రాగానే అడిగేది:

"అయ్యగారు నా పేరెత్తిండా?"

"ఎత్తిండు," అనేవాణ్ణి. ఎత్తలేదు.

ఎత్తింది ఒక ముసలమ్మ పేరు. "మంచం మీంచి లేపు తండ్రీ" అని ఏడ్చేవాడు. ఆమెను మేమే పాతిపెట్టి నెలైంది. పక్కనున్న మగ్గం పనివాడు చెవిలో అన్నాడు: "సచ్చినోళ్లను లేపుతుండు అన్నా! జర గమ్మునుండు." ఆ మాట పాకి జనం రెట్టింపయ్యారు. ముసలమ్మ కూతురు, తల్లి లేచొస్తుందని ఆమె చీరలు ఉతికి ఆరేసింది.

ఆ పేరు తర్వాత ఒక దగ్గు, వెంటనే దూరంగా రైలు కూత. రోజూ అదే చోట. వానలకు పట్టాలు మునిగి రైళ్లు ఆగిన రోజు కూడా కూసింది. అయినా తలుపు తట్టలేదు. ఆ తప్పు నాది.

ఇంటామె పోయిన మూడోనాడు ఆ తలుపు తోశాను. ఆయన కుర్చీలో ఉన్నాడు, పెదవులు మూసుకుని, కళ్లు తెరుచుకుని. ఆయన గొంతు మాత్రం పక్కనున్న టేప్ రికార్డరులోంచి ఏడుస్తోంది. కాళ్ల దగ్గర మడత విప్పని చీటీలు.

"గిదేంది అయ్యగారూ? పోయేదాకా అడిగింది ఆమె. ఏం చెప్పాలె నేను?"

మరునాటికి ఆయన ఊళ్లో లేడు. ఆయన పైనున్న సంఘ పెద్దలకు ఏడాదిపాటు ఉత్తరాలు రాశాను. కాపరిని కనిపెట్టుకోవాల్సింది ఎవరయ్యా అని నిలదీశాను. ఒక్కరూ జవాబు రాయలేదు. చివరికి కాపరే రాశాడు:

"అన్నా, ఆ మూడేండ్లూ నాకు ప్రార్థన వస్తలేదని పెద్దోళ్లకు చెప్పుకున్న. సంఘం పెరుగుతుంది గదా, ఇంకేంది అన్నరు. వదినె పేరు ఇప్పుడు రోజూ ఎత్తుతున్న. వినేటోడు ఉన్నడో లేడో తెలుస్తలేదు."