ఏ తేదీ నుంచి

మా ఆయన పోయిన మూడో వారం కౌన్సిల్ టాక్స్ కాయితం, అదే ఈ దేశంలో ఇంటిపన్నుది, వచ్చింది. ఇంట్లో ఒక్కరే ఉంటే పావు వంతు తగ్గిస్తారని చర్చిలో ఒక ఆంటీ చెప్పింది. లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. పేరు, అడ్రసు కొట్టాను. "ఏ తేదీ నుంచి ఒంటరిగా ఉంటున్నారు?" అని అడిగింది ఫారం. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

ఇద్దరం నర్సులమే. పిల్లల్ని చూసుకునే మనిషి లేక, ఆయన నైట్ డ్యూటీలు, నేను డే డ్యూటీలు వేయించుకున్నాం. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయినా మార్చుకోలేదు. ఇరవై ఏళ్లు గుమ్మంలో ఎదురుపడి, "కూర ఫ్రిజ్‌లో ఉంది" అని చెప్పుకోవడమే మా కాపురం. ఇప్పుడు ఏ తేదీ వేసి చావను?

డెత్ సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ వేసి పంపాను. కౌన్సిల్ వాళ్లు నమ్మేశారు.