లోపలున్నోళ్ళకు చెప్పి

మా లైబ్రరీ సారు పోయారన్న కబురు నాకు ఆత్మకూరు బస్టాండులో తెలిసింది. నెల్లూరులో పని చూసుకుని వస్తూ ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉన్నాను. బడిలో నాతో చదివినామె ఇప్పుడు అక్కడే పండ్ల అంగడి పెట్టుకుంది. నన్ను చూసి లేచి వచ్చింది. "సారు పోయినాడంట మే. పొద్దున లేపితే లేవలేదంట" అంది. ఏ సారని నేను అడగలేదు. మాకు సారంటే ఆయనొక్కరే. ఉదయగిరి బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

మీలో ఎవరైనా మా ఉదయగిరి హైస్కూల్లో ఆరో తరగతిలో చేరి ఉంటే ఈ సంగతి చెప్పే పనే లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. ప్రతి జూన్‌లో కొత్తగా చేరిన పిల్లల్ని సారు వరండా చివర, మూసి ఉన్న లైబ్రరీ తలుపు ముందు నిలబెట్టేవారు. తాళంచెవి చేతిలోనే ఉన్నా తలుపు తీసేవారు కాదు. ఒక్కొక్కరం తలుపు తట్టి పేరేంటో, ఎవరి బిడ్డలమో, ఏ ఊరో చెప్పుకోవాలి. అందరి వంతూ అయ్యాక ఆయన కళ్ళు మూసుకుని తలుపుకు చెవి ఆనించేవారు. కాసేపటికి "రమ్మంటా ఉండారు, పాండి" అని అప్పుడు తాళం తీసేవారు.

ఆ గదిలో దయ్యముందని పై తరగతులవాళ్ళు ముందే చెప్పి మమ్మల్ని హడలగొట్టి ఉంచారు. సారు చెవి ఆనించినప్పుడు నేను ముందున్న పిల్ల వెనక నక్కాను. లోపల ఎవరున్నారని ఎవడో ధైర్యం చేసి అడిగాడు.

"ఈ పుస్తకాలు రాసినోళ్ళు. వాటిల్లో ఉన్నోళ్ళు. చానా మంది చచ్చిపోయినోళ్ళేరా. పెద్దోళ్ళ ఇంటికి పోయి చెప్పకుండా జొరబడతామా?"

ఆ మాట అంటూ ఆయన నవ్వి ఉంటే మా భయం తీరిపోయేది. నవ్వలేదు. పిల్లలెవరూ లేని పొద్దుటి పూట కూడా ఆయన తలుపు తట్టాకే తాళం తీయడం నేను తర్వాత చాలాసార్లు చూశాను.

లోపల బీరువాల నిండా ఎండు వేపాకు వాసన. కిటికీలోంచి కొండ కనిపించేది. వేలికి ఉమ్మి తడి చేసుకుని పేజీ తిప్పితే "ఎంగిలి పెట్టబాకండి" అని కసిరేవారు. పుస్తకాన్ని ఎవరైనా బోర్లా పెడితే మాత్రం కసరకుండా తనే వచ్చి తిప్పి పెట్టేవారు, దానికి ఊపిరాడదనేవారు.

నేను ఆరో తరగతిలో చేరబోయే ముందు ఎండాకాలమే మా అవ్వ పోయింది. నాయన గొర్రెల వెంట ఊళ్ళు తిరిగేవాడు కాబట్టి నన్ను పెంచిందంతా అవ్వే. మొదటిరోజు అందరూ వెళ్ళిపోయాక నేను ఒక్కదాన్నే ఉండిపోయి బీరువాలన్నీ వెతికాను. ఏం వెతుకుతున్నావని సారు అడిగారు. మా అవ్వనని చెప్పాను. ఇంకొకరైతే పకపకా నవ్వేవాళ్ళే. ఆయన స్టూలు మీద కూర్చుని బీరువాల వంక చాలాసేపు చూశారు.

"లేదు పాపా. మీ అవ్వను గురించి ఎవురూ రాయలా. నువ్వు రాస్తే వస్తాది."

నాకు ఎంత కోపమొచ్చిందో! ఉందని ఒక్క అబద్ధం చెబితే ఆయన సొమ్మేం పోయింది? ఆ కోపంతోనే చదివాను, ఆ కోపంతోనే అదే బడికి తెలుగు టీచరునై వచ్చాను. అవ్వ గురించి రాద్దామని ఇప్పటికీ కూర్చుంటాను. ఆమె వక్కాకు సంచి దగ్గరికొచ్చేసరికి కళ్ళు నిండిపోయి కలం ఆగిపోతుంది.

రిటైరయ్యాక కూడా సారు ప్రతి జూన్‌లో ఆత్మకూరు నుంచి బస్సెక్కి వచ్చి కొత్త పిల్లల చేత తలుపు తట్టించేవారు. పోయినేడు చేతికర్రతో వచ్చారు. చెవి ఆనించి ఎంతసేపు నిలబడ్డారంటే పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు. చివరికి నా వైపు తిరిగి, "ఈ తడవ గట్టిగా పిలస్తా ఉండారమ్మా" అన్నారు. పరాచికమనుకుని నవ్వాను.

బస్టాండు నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. చావింట్లో తలుపు బార్లా తెరిచి ఉంటుంది కదా. అయినా నా చెయ్యి దానంతటది తలుపు తట్టింది. పేరు, నాయన పేరు, ఊరు చెప్పాను. సారు భార్య తలెత్తి చూసింది.

"ఉదయగిరి స్కూలు పిల్లవు గదా. పొద్దుట్నుంచీ అందురూ తెరిచిన తలుపే తట్టి వస్తా ఉండారు. రామ్మా" అంది.

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ గడప మీదే తన్నుకొచ్చింది.

సోమవారం బడి తెరుస్తారు. ఈసారి కొత్త పిల్లల్ని మీరే తీసుకెళ్ళండమ్మా అని హెడ్మాస్టరు తాళంచెవి నాకిచ్చారు. నిన్న ఒక్కదాన్నే వెళ్ళి తలుపు తట్టి, అన్నీ చెప్పుకుని చెవి ఆనించాను. ఏమీ వినపడలేదు. చిన్నప్పుడు లోపల ఎవరో ఉన్నారని భయపడ్డాను. నిన్న ఎవరూ లేరేమోనని అంతకంటే భయమేసింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక తట్టింది, ఆయన గురించి ఎవరూ రాయలేదు కదా అని.

అందుకే ఇది రాశాను. సోమవారం పిల్లలు రాకముందే ఈ కాగితాలను కిటికీ పక్క బీరువాలో, వేపాకుల మధ్య పెడతాను. బయటికి వచ్చి తాళం వేస్తాను. తర్వాత పిల్లలతో కలిసి తలుపు తట్టి చెవి ఆనిస్తాను. వాళ్ళెంత గుసగుసలాడినా సరే, ఆయన రమ్మనేదాకా తాళం తీయను.