మూడు చేతుల బొమ్మ

మా ఆఫీసు మెట్ల దగ్గర గోడకి ఒక ఫ్రేము ఉంది. అద్దం వెనక ఒక పుస్తకంలోని ఆరో పేజీ, దాని కింద ఆ పుస్తకానికి వచ్చిన బహుమతి పత్రం. పైకి ఎక్కేటప్పుడు గళ్లక్క దాని వైపు చూడదు. నేను చూస్తాను. చూసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

గళ్లక్క అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. పేజీని ముందు గళ్లుగా విడగొట్టి, ఏ గడిలో ఏం జరుగుతుందో తేల్చుకున్నాకే పెన్సిలు ఆనిస్తుంది కాబట్టి ఆ పేరు పడింది. మాది బొమ్మల పుస్తకాలు వేసే ఆఫీసు. ఎక్కువగా పిల్లల కథలు. అవి లేనప్పుడు ఆసుపత్రులవాళ్లూ ఫ్యాక్టరీలవాళ్లూ పంచిపెట్టే చిన్న పుస్తకాలు. ఆవిడ బొమ్మ గీస్తుంది, నేను బుడగల్లో మాటలు రాస్తాను. ఇరవై రెండేళ్లుగా ఎదురెదురు బల్లలు మావి.

ఆవిడ ఏ బళ్లోనూ బొమ్మలు నేర్చుకోలేదు. పదహారో ఏట దర్జీ దుకాణంలో చేరి, గుడ్డ మీద సుద్దతో గీతలు గీసేది. కత్తిరించేవాడు వేరే. ఒకసారి కోటు చేతికి గీత తప్పు గీసి, పక్కనే సరైనది గీసి, మొదటిది చెరపడం మరిచిపోయింది. వాడు చెరపని గీత మీదే కత్తెర నడిపాడు. కోటు గోవిందా. యజమాని కత్తెరవాణ్ణి ఒక్క మాట అనలేదు. ఈవిడని నిలబెట్టి అడిగాడు.

"వాడు గీత చూసి కోస్తాడా, నీ మనసు చూసి కోస్తాడా?"

ఆ చీవాట్లే ఆవిడ చదువు. అంతకు మించి సిద్ధాంతాలేవీ ఆవిడ నోట నేను వినలేదు.

పేజీ పూర్తయ్యాక ఆవిడ పెట్టే పరీక్ష ఒకటుంది. పదకొండింటికి మాకు టీ తెచ్చే మనిషి వస్తుంది. ఆఫీసంతా ఆమెను వదిన అనే పిలుస్తుంది. వదినకి అక్షరాలు రావు. గళ్లక్క బుడగల మీద కాగితం ముక్కలు కప్పి, పేజీ ఆమె ముందు పెట్టి, "చెప్పు వదినా, ఏం జరిగింది?" అంటుంది. వదిన ట్రే కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, వేలు పెట్టి కథ చెబుతుంది.

"ఇదుగో, ఈయన ఇందాక గొడుగు కుడి చేత్తో పట్టుకున్నాడు. ఇప్పుడు ఎడమ చేతిలో ఉంది. మధ్యలో ఎవరికి అరువిచ్చాడు?"

గళ్లక్క వెంటనే గొడుగు చెరిపేసింది. ఇంకోసారి కథానాయకుడికీ దొంగకీ ఒకే రకం మీసం పెట్టింది. వదిన పేజీ తిరిగి చేతికిచ్చేసింది. "అన్నదమ్ములు కొట్టుకుంటుంటే మధ్యలో మనమెందుకక్కా? వాళ్లే సర్దుకుంటారు." ఆ రోజు పదకొండు మీసాలు చెరిపింది గళ్లక్క.

మూడేళ్ల కిందట ఒక కొత్త చిత్రకారుడు చేరాడు. వారం తిరగకుండానే అతనికి మెరుపు అని పేరు పడింది. నిజం దాచకూడదు, అతని చేయి గొప్ప చేయి. ఒక అరచేయి గీస్తే నరాలు లెక్కపెట్టుకోవచ్చు. గళ్లక్క గీసే అరచేతులు దిండ్లలా ఉంటాయి. మెరుపు పేజీలో గళ్లుండవు. ఒక మనిషి పేజీ నిండా నిలబడతాడు, మిగతా బొమ్మలన్నీ అతని చుట్టూ పొగలా తేలుతుంటాయి. మేనేజరు ఆ పేజీలను దూరం నుంచి చూసేవాడు, దగ్గర నుంచి చూసేవాడు, తల వంచి చూసేవాడు. చదివేవాడు మాత్రం కాదు.

ఇంతలో ఒక ఆసుపత్రి నుంచి పని వచ్చింది. షుగరు మాత్రలతో లొంగక కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టినవాళ్లు ఇంట్లో తమంతట తాము సూది వేసుకోవాలి. ఎలాగో బొమ్మల్లో చూపించాలి. అది గళ్లక్క పని. మేనేజరు మెరుపుకి ఇచ్చాడు.

ఆరో పేజీ సూది పేజీ. కిటికీ వెలుగులో ఒకామె కూర్చుని ఉంటుంది. సిరంజి పట్టిన చేయి పైనుంచి పొట్ట మీదికి దిగుతుంది. ఆ దిగడం కనబడాలని మెరుపు అదే చేతిని మూడుసార్లు గీశాడు. పైది లేతగా, మధ్యది కొంచెం ముదురుగా, కిందది నల్లగా. చేప మీదికి దూకే పిట్టలా ఉంది ఆ చేయి. అందంగా లేదని ఎవరూ అనలేరు.

గళ్లక్క అతని బల్ల దగ్గర ఆగింది.

"తమ్ముడూ, ఈవిడకి చేతులెన్ని?"

"అది కదలిక అక్కా. చేయి కిందికి వస్తోందని."

"నాకు తెలుసు. నాకు తెలిస్తే సరిపోదుగా. పదకొండింటికి వదిన వస్తుంది, అడుగుదాం."

మేనేజరు విన్నాడు. "ఏమ్మా, ఇక టీ ఇచ్చే మనిషి సంతకం పెడితేనే పుస్తకం అచ్చుకి పోవాలా?"

"పుస్తకం ఎవరికండీ?"

"రోగులకి."

"వాళ్లు వదినలాంటి వాళ్లు కారా?"

"చదివేవాళ్లని మరీ అంత తెలివితక్కువవాళ్లని అనుకోకూడదమ్మా."

ఎంత పెద్ద మనసో చూడండి! తన పని తను సరిగా చేయనివాడు ఎదుటివాడి తెలివికి దండాలు పెడతాడు. అర్థమైతే వీడి గొప్ప, అర్థం కాకపోతే వాడి ఖర్మ. ఈ రంగంలో ఆ మాట నేను వినని ఏడాది లేదు.

పదకొండింటికి వదిన వచ్చింది. ట్రే గుమ్మం దగ్గరే పెట్టి వెళ్లమన్నాడు మేనేజరు. ఆమె ఒకసారి గళ్లక్క వైపు చూసి వెళ్లిపోయింది.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ పేజీలో "సూది ఒక్కసారి మాత్రమే" అని రాసింది నేనే. పెద్దగా రాశాను. బొమ్మ పాడవుతోందన్నాడు మెరుపు. చిన్నది చేశాను. నలుపు గుచ్చుకుంటోందన్నాడు. బూడిద రంగు చేశాను. చివరికి ఆ మాట పేజీ అడుగున చీమల బారులా మిగిలింది.

పుస్తకం అచ్చయింది. బహుమతి వచ్చింది. అదే నెలలో వదిన భర్తకి డాక్టరు ఇన్సులిన్ రాశాడు. ఆయన ఒక గోదాములో వాచ్‌మన్. మేమంతా అన్న అంటాం. కూడబలుక్కుంటూ చదవగలడు, అక్షరం పెద్దదైతే. వదిన ఇన్సులిన్ సంగతి చెబితే నేనే ఒక కాపీ తీసి ఆమె చేతిలో పెట్టాను.

"మన దగ్గర వేసిందే వదినా. అంతా బొమ్మల్లో ఉంది."

ఆమె దాన్ని మడత పడకుండా సంచిలో పెట్టుకుంది.

నాలుగు రోజులు ఆసుపత్రిలో నర్సే సూది వేసింది. ఐదో రోజు నుంచి మీరే వేసుకోండి అన్నారు. ఆ ఉదయం వదిన పనికి వచ్చేసింది. అన్న పుస్తకం తెరిచి, ఆరో పేజీ ముందు పెట్టుకుని, నర్సు ఒక్కసారే పొడిచినా ఇంట్లో పద్ధతి వేరనుకుని, మూడుసార్లు సిరంజిలోకి మందు ఎక్కించి, మూడుసార్లు పొడుచుకున్నాడు. పక్కింటామె ఏదో అడగడానికి వచ్చి చూసేసరికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. స్పృహ ఉండగానే చక్కెర నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. నాలుగు రోజులు ఉంచుకున్నారు. బతికాడు.

డాక్టరు కోప్పడితే అన్నకి ఇంకా కోపం వచ్చిందట. "పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేశాను సార్! మొదటిది మెల్లగా, రెండోది కొంచెం గట్టిగా, మూడోది బాగా గట్టిగా."

లేత, ముదురు, నలుపు. ఆ మనిషి బొమ్మని మా అందరికంటే శ్రద్ధగా చదివాడు.

వదిన పనిలోకి వచ్చిన రోజు ట్రే తేలేదు. పుస్తకం తెచ్చి గళ్లక్క బల్ల మీద పెట్టింది.

"అన్నీ చూపించేదానివి కదక్కా. ఇది నాకెందుకు చూపించలేదు?"

ఇరవై రెండేళ్లలో గళ్లక్క తల దించుకోవడం అప్పుడే చూశాను. తల ఎత్తిన తర్వాత ఆ మొహం చూసి నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. పుస్తకం పట్టుకుని నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లింది.

"వీటిని పంచడం ఆపండి."

"ఎవరో ఒకరు పొరపాటు పడ్డారని..."

"ఆపండి."

"కింద రాసే ఉంది కదమ్మా, ఒక్కసారే అని."

"ఎక్కడ? చూపించండి."

మేనేజరు కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. పేజీ పైనుంచి కిందికి వెతికాడు. చివరికి నేను వెళ్లి వేలు పెట్టాల్సి వచ్చింది.

"రాసి ఉందని తెలిసిన మీకే దొరకలేదు" అంది గళ్లక్క. అతని ఫోను అతని ముందే తీసి ఆసుపత్రికి చేసింది. మర్నాటికి కట్టలన్నీ తిరిగి వచ్చాయి. అప్పటికే కాపీలు తీసుకున్నవాళ్లకి నర్సులు ఫోన్లు చేశారు.

మళ్లీ అచ్చు వేయడానికి వ్యవధి లేదన్నాడు మేనేజరు. "ఆరో పేజీ మీద నా పేజీ అంటిస్తాను" అందావిడ. ఆ పూటే గీసింది. ఆరు గళ్లు: చేతులు కడుక్కోవడం, గీత దాకా మందు ఎక్కించడం, చోటు చూసుకోవడం, పొడవడం, తీసి డబ్బాలో పడేయడం, తినడం. అన్న ఆసుపత్రి నుంచి వచ్చాక వదినే ఆయన్ని మా ఆఫీసుకు తీసుకొచ్చింది. గళ్లక్క మెరుపుని కూడా పిలిచి పక్కనే నిలబెట్టింది.

ముందు పాత పేజీ పెట్టింది. మెరుపు ఆగలేకపోయాడు.

"అది కదలిక అన్నా. మూడూ ఒకే చేయి."

అన్న ఆ మూడు చేతుల మీదా ఒక్కొక్కటిగా వేలు పెట్టాడు. "అయితే ఒకటే గీయొచ్చుగా బాబూ."

తర్వాత గళ్లక్క తన పేజీ పెట్టింది. అన్న మూడు గళ్లు గబగబా చెప్పేసి నాలుగోదాని దగ్గర ఆగాడు.

"ఇదేంటమ్మా, దిండా?"

వదిన నవ్వు కనబడకుండా తల పక్కకి తిప్పుకుంది. గళ్లక్క పెన్సిలు తీసి మెరుపు చేతిలో గుచ్చినంత పని చేసింది. "విన్నావుగా. నాకు చేతులు రావు, నీకొచ్చు. కూర్చుని గీయి. ఈ గడిలోనే. ఒక్కటే చేయి."

అతను కూర్చున్నాడు. ఎర్రబడ్డ చెవులతోనే గీశాడు. నరాలూ గోళ్లూ ఉన్న ఒక్క చేయి, ఒక్క సూది. అన్న మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చెప్పాడు. నాలుగో గడి దగ్గర ఆగలేదు. "ఒకసారి పొడవాలి. తీసి డబ్బాలో వేయాలి. తినాలి."

"మళ్లీ చెప్పు" అంది వదిన. మళ్లీ చెప్పాడు.

ఆ వారమంతా జిగురు వాసనలోనే పనిచేశాం. నాలుగో గడిలో మాట నేను నల్ల సిరాతో, గడి పగిలేంత పెద్దగా రాశాను.

ఫ్రేము మాత్రం తీయనన్నాడు మేనేజరు. ఎంతైనా బహుమతి బహుమతేనట. అందులో ఆ మూడు చేతులూ అలాగే ఉన్నాయి. వదిన రోజూ గ్లాసులు తుడిచిన తడిగుడ్డ ఆ ఫ్రేము మీద ఆరేసి వెళుతుంది. మేనేజరు తీస్తాడు. మర్నాడు పదకొండింటికి మళ్లీ ఉంటుంది.