శ్రీశైలం అన్న ఆఖరి సెంచూరియన్

నిన్న పొద్దున ఆఫీస్ క్యాబ్ డ్రైవర్ ఫోన్ చేశాడు. "మేడమ్, ఇయ్యాల మూసాపేట పికప్ లేదు. సీదా మీ కూకట్‌పల్లికే వస్తున్న."

"అదేంటి, శ్రీశైలం అన్న లీవా?" అన్నాను.

"అన్న పోయిండు మేడమ్. పొద్దుగాల గుండెపోటు వచ్చిందంట."

ఏం చెయ్యాలో తెలీక లంచ్ బాక్స్ సర్దాను.

మా టెస్టింగ్ టీమ్ శ్రీశైలం అన్న ఇక లేరు.

రాస్తున్నాను కానీ నమ్మబుద్ధి కావడం లేదు.

హైటెక్ సిటీలో మా ఫ్లోర్‌లో అందరి డెస్కుల మీదా మొక్కలు, ఫ్యామిలీ ఫోటోలు. అన్న డెస్క్ మీద రెండో ప్రపంచ యుద్ధం! షెర్మన్, టైగర్, టీ-34... అన్నీ అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ట్యాంకులు. ముక్కా ముక్కా ఆయనే అతికించి, రంగులు వేసినవి. టైగర్ గొప్పదా, టీ-34 గొప్పదా అని కదిపితే చాలు, ఆ రోజు లంచ్ బ్రేక్ గోవిందా.

ఓసారి ఆఫీసులో ఆయుధపూజ. మేమంతా ల్యాప్‌టాప్‌లకు బొట్లు పెడుతుంటే ఈయన షెర్మన్ తెచ్చి మధ్యలో పెట్టారు. "ఈ ఫ్లోర్ మొత్తంల అసలైన ఆయుధం ఇదొక్కటే" అని.

మా మేనేజర్ గారికి ఉత్సాహం ఆగలేదు. కొత్త కారుకి చేసినట్టు దాని కింద నిమ్మకాయ పెట్టి ముందుకు తోశారు. చక్రాల చుట్టూ పట్టీలా ఉండే ట్రాక్ పుటుక్కున తెగింది.

అందరం బిక్కమొహాలు వేశాం.

అన్న మాత్రం నవ్వేశారు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్. యుద్ధంల గూడ గిట్లనే తెగుతది. దిగి వేసుకునుడే. మా నాయిన చెప్పిండు."

వాళ్ల నాన్నగారు ఆర్మీలో ట్యాంక్ డ్రైవర్. 71 యుద్ధంలో సెంచూరియన్ ట్యాంక్ నడిపారు. ఇంట్లో యుద్ధం ఊసే ఎత్తరట. కానీ చేతిలో ట్యాంక్ బొమ్మ పెడితే మాత్రం, అటూ ఇటూ తిప్పి చూస్తూ ఏదో ఒక సంగతి చెప్పేవారట. అన్న ట్యాంకుల పిచ్చికి అసలు కారణం అదీ.

ఈమధ్య సెంచూరియన్ మొదలుపెట్టారు. నాన్న నడిపిన బండి.

ఆ బండిలో ఉన్న నాన్నగారి దోస్తు ఒకాయన యుద్ధం నుంచి తిరిగి రాలేదు. ఆ సంగతి మాత్రం ఎన్నిసార్లు అడిగినా పెద్దాయన నోరు విప్పలేదు. చివరికి "బండి పూర్తి చెయ్యి, చెప్త" అన్నారట.

"ఇగ ఒక్క ట్రాకే మిగిలింది చెల్లే. ఆదివారం వేసేస్త." మొన్న క్యాబ్ దిగుతూ అన్నారు. మొహం వెలిగిపోతోంది.

ఆదివారం దాకా ఉండనివ్వలేదు ఆ దేవుడు. కోపంగా ఉంది నాకు.

నిన్న మూసాపేట వెళ్లాం. అన్నను హాల్లో పడుకోబెట్టారు. పక్కనే నేల మీద పెద్దాయన. ఆయన ఒళ్లో, ఒకవైపు ట్రాక్ లేని సెంచూరియన్.

తీసుకెళ్లే టైమ్ అయిందని ఎవరో ఆయన భుజం తట్టారు.

"జర ఆగుండ్రి" అన్నారు.

కొడుకు చెవి దగ్గరికి వంగారు.

"కొడుకా, ఆ దినం ఏమైందంటే..."

మేమంతా బయటికి వచ్చేశాం. గుమ్మం దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

లోపల పెద్దాయన చాలాసేపు చెప్పారు.

వెళ్లిరండి అన్నా. మీ నాన్న చెప్పేశారు కదా. ఇక ఏ ఫికరూ లేకుండా హాయిగా నిద్రపోండి.