దగ్గు తాత బయటికి వచ్చిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు ప్రపంచమంతా మా బొగ్గుబాయి కాలనీ గ్రంథాలయంలోనే ఉందన్న నమ్మకం ఉండేది. ఇంటర్ అయిపోయింది. పై చదువుకు పంపాలా వద్దా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. ఆ ఖాళీలో విజ్ఞానశాస్త్రం బీరువాను పై అర నుంచి కింది అర దాకా చదివేశాను. (కింది అరలో పశువైద్యం పుస్తకాలుండేవి. వాటినీ వదల్లేదు.) అంత చదివిన మనిషికి వినేవాళ్లు దొరక్కపోతే ఊపిరాడదు. నా అదృష్టం కొద్దీ ఆ ఏడే ఒక అమెరికా సీరియల్ ఆదివారం మధ్యాహ్నాల్లో మా క్వార్టర్ టీవీలోకి దిగింది. ఆలోచించడం నేర్చిన యంత్రాలు భూమినంతా ఆక్రమించుకుంటాయి. మిగిలిన కొద్దిమంది మనుషులు నేల కింద సొరంగాల్లో దాక్కుని వాటితో పోరాడుతుంటారు. మాటలన్నీ ఇంగ్లిషు కాబట్టి నేను టీవీ పక్కన పీట వేసుకుని తెలుగులో చెప్పేదాన్ని. అర్థమైనచోట ఉన్నది చెప్పి, అర్థం కానిచోట బీరువాలోంచి తీసి కలిపేదాన్ని. కలిపిన భాగమే బాగుందని చాలాసార్లు పేరొచ్చింది.

మొదట్లో వినేది బాపు ఒక్కడే. (మా వైపు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ.) బాయిలో కప్పు పెళ్ల విరిగిపడి ఆయన కాలు విరిగింది. కట్టు విప్పారు, ఎముక అతికింది, పనికి పోవచ్చని డాక్టరు రాసిచ్చాడు. అయినా బాపు పోలేదు. రోజూ "రేపు పోత" అనేవాడు. అవ్వ రోజూ టిఫిను కట్టేది, అది ఇంట్లోనే మధ్యాహ్నం విప్పేవాళ్లం. ఇంకా నాగాలు పెడితే నౌకరి పోతుందని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఎట్లా జరిగిందని ఎవరడిగినా "పడ్డది" అని ఊరుకునేవాడు. అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. "మనిషి ఇంట్ల కూసున్నడు గని, ఇంక బాయిలకెల్లి రాలేదే బిడ్డా" అని అవ్వ నా దగ్గర కళ్లు తుడుచుకునేది.

సీరియల్లో మనుషులు నేల కిందే బతుకుతారన్న సంగతి పాకగానే మా వరండా నిండిపోయింది. అందరూ బాయి దిగేవాళ్లే. అమెరికా వాళ్ల సొరంగాల్లో తప్పులు పట్టడం వాళ్లకు పండగ. అందరిలో ముందు పక్క క్వార్టర్ యూనియన్ పెద్దబాపు. (మాకు చుట్టం కాదు, కాలనీకంతటికీ పెద్దబాపే.) "గదేం కప్పురా? ఒక్క ఊత లేదు, ఒక్క బోల్టు లేదు. మిషన్లు సంపుడెందుకు, కప్పే సంపుతది" అనేవాడు. కథానాయిక జుట్టు విరబోసుకుని సొరంగంలో పరిగెత్తితే, "టోపీ ఏదమ్మా నీకు? ఓవర్‌మన్ సూస్తే చార్జిషీటే!" అని అరిచేవాడు. ఆ మాటకు బాపు నవ్వాడు. కాలు విరిగాక అదే మొదటి నవ్వు. అవ్వ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి చూసింది.

ఆ సీరియల్లో మాటిమాటికీ దగ్గే ముసలాయన ఒకడుండేవాడు. ఆయనకు మేం దగ్గు తాత అని పేరు పెట్టాం. "దగ్గు గూడ మన బాయి దగ్గే" అని బాపు ఆయన్ని సొంతం చేసుకున్నాడు. ఒక ఆదివారం ఒక రాకాసి యంత్రం పైనుంచి నేల తొలిచింది. సొరంగం కూలింది, అందరూ బయటపడ్డారు, దగ్గు తాత మాత్రం రాళ్ల వెనక ఉండిపోయాడు. దుమ్ములో ఆయన చేతిదీపం మిణుకుమంటుండగా ఆ వారానికి ఆట అయిపోయింది. పై ఆదివారం అదే వేళకు టీవీలో ఎవరో దోసె అంటుకోని పెనం అమ్ముతున్నాడు. ఆ పై ఆదివారమూ పెనమే.

మామూలు ఊళ్లో అయితే జనం మరో సీరియల్ చూసుకునేవాళ్లు. మా కాలనీలో అట్లా కుదరదు. బాయి దిగే ప్రతి మనిషీ దీపాల గదిలో తన దీపం తీసుకుని దిగుతాడు, ఎక్కాక అక్కడే అప్పజెబుతాడు. ఒక్క దీపం తిరిగి రాకపోయినా షిఫ్టు వాళ్లెవరూ ఇంటికి కదలరు. ఆడవాళ్లు కూడా మనిషి వచ్చాడా అని అడగరు, దీపం వచ్చిందా అని అడుగుతారు. "దీపం లోపటనే ఉంటె ఆట ఎట్ల బందు వెడుతరు?" అన్నాడు బాపు. ఆ పూట అన్నం ముట్టలేదు.

యూనియన్ పెద్దబాపుకు కష్టమంటే తెలిసిన మందు ఒక్కటే. ఫస్ట్ షిఫ్టు వాళ్లందరినీ వెంటబెట్టుకుని కేబుల్ నడిపే డిష్ అన్న కొట్టు ముందు గేటు మీటింగ్ పెట్టాడు. "మా డిమాండు ఒక్కటే. దగ్గు తాతను బయటికి తియ్యాలె!"

డిష్ అన్న పరేషానై చేతులు జోడించాడు. "పెద్దబాపూ, నా తాన ఉన్నది గీ డిష్ గొడుగు. మీది నుంచి వడకుంటె నేనేం జేసేది? అమెరికలనే బందు వెట్టిండ్రట. ఎవ్వలు సూస్తలేరట."

"ఎవ్వలు సూస్తలేరా? మేం సూస్తలేమా? గదే రాసి పంపు అమెరికకు!"

నా ఘడియ వచ్చిందని నాకు అప్పుడే అర్థమైంది. మిగిలిన కథ వచ్చే ఆదివారం నేనే చెబుతానని ప్రకటించాను. వారమంతా లైబ్రరీలోనే. ఆదివారం టీవీ బంద్ చేసి దాని ముందే కూర్చున్నాను. అవ్వ మొక్కజొన్న గింజలు ఉడకబెట్టి గుడాలు చేసింది. వరండాలో చోటు లేదు. అయస్కాంత క్షేత్రంతో మొదలుపెట్టాను. భూమి ఉత్తర ధ్రువాన్ని కాస్త జరిపాను. సూర్యుడి మీద తుఫాను లేపి, ఆ వేడికి యంత్రాల మెదళ్లు కరిగించాను. నడుమ యూనియన్ పెద్దబాపు గురక వినబడింది కానీ నేను ఆగలేదు. చివరికి మనుషులంతా ఎండలోకి వచ్చి జెండా ఎగరేశారు. చప్పట్ల కోసం చూశాను.

"మంచిగున్నది బిడ్డా" అన్నాడు బాపు. "మరి దగ్గు తాత?"

ధ్రువాలు జరిపిన మనిషిని, దగ్గు తాతను మర్చిపోయాను. తడబడి, "ఆయన సచ్చిపోయిండు బాపూ. అందరి కోసం త్యాగం జేసిండు" అన్నాను. పుస్తకాల్లో అట్లాగే ఉంటుంది మరి.

నమిలే చప్పుళ్లు ఆగిపోయాయి. బాపు నా వైపు చూడలేదు, నేల వైపు చూశాడు.

"లేదు, సావలే" అన్నాడు. "కప్పు వడంగనే అంత దుబ్బ. దీపం ఉన్నా కండ్లకు ఏం కానరాదు. ముందుగాల్ల ఒర్రిండు. మస్తు ఒర్రిండు. ఎవ్వలు పలుకలే. ఇగ ఒర్రుడు బందు జేసి ఇన్నడు. అవతలకెల్లి రాయి మీద సప్పుడు. టక్కు టక్కు మని. గీయన గూడ చేతికి అందిన పెళ్లతోటి కొట్టిండు. మల్ల అటుకెల్లి సప్పుడు. గంతే, ఇగ ఫికర్ లేదు. సప్పుడు ఇన్నోళ్లు ఇడిసిపోరు."

యూనియన్ పెద్దబాపు ఎప్పుడు లేచాడో, గోడకు ఆనుకుని మెల్లగా అన్నాడు. "కప్పు ఇంక కిర్రుమంటనే ఉండె. పని సూసే సర్దార్ అందర్ని బయటికి రమ్మనె."

"మీరు పోలే" అన్నాడు బాపు.

"ఎట్ల పోతం రా?"

అవ్వ గుడాల గిన్నెతో గుమ్మంలోనే నిలబడిపోయింది. బాపు ముఖం తుడుచుకుని నా వైపు తిరిగాడు. "తాతనైతె మేం తీసినం. మీద గా మిషన్ ఇంక ఉన్నదో ఏమో, దాని సంగతి నువ్వు జర సూడు బిడ్డా. నాకు దాన్ది తెల్వది."

ఈసారి బీరువా జోలికి పోలేదు. "అది పోయింది బాపూ. చార్జింగ్ అయిపోయింది" అన్నాను. వరండా కప్పు లేచిపోయేట్టు నవ్వారు. మధ్యాహ్నమంతా చెప్పిన నా కథకు దొరికిన చప్పట్లు అవే.

తెల్లారి అవ్వ కట్టిన టిఫిను బాయికి పోయింది. షిఫ్టు దిగాక బాపు నల్లటి ముఖంతో గుమ్మంలో నిలబడి, "దీపం ఇచ్చొచ్చిన" అన్నాడు, మార్కెట్ నుంచి ఉప్పు తెచ్చినంత మామూలుగా.

ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాం. బాపు నౌకరి నుంచి దిగిపోయి చాలా కాలమైంది, దగ్గు మాత్రం డ్యూటీలోనే ఉంది. మొన్న ఫోనులో ఏదో వెతుకుతుంటే ఆ సీరియల్ రాసినవాళ్ల మాటలు కనబడ్డాయి. (ఇప్పుడు నా ఇంగ్లిషులో కల్తీ లేదు.) ఆగిపోకుండా ఉంటే పై వారమే ముసలాయన చనిపోయేవాడట, అందరి కోసం త్యాగం చేసి. అమెరికా రచయితలకు తట్టిందే ఇంటర్ చదివిన నాకూ తట్టిందన్న మాట! పీట మీద కూర్చుని ధ్రువాలు జరిపిన ఆ పిల్లను తలుచుకుని కాసేపు మురిసిపోయాను. ఆ ఊపులోనే బాపుకు చదివి వినిపించాను.

బాపు చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంటూ విన్నాడు. "వాళ్లకేం ఎరుక?" అన్నాడు. "వాళ్లు నడుమల్నే ఇడిసిపెట్టి ఇంటికి వోయిరి. తీసినోళ్లం మనం గదా."