నాకు చదవరాని రెండు కాగితాలు

మున్సిపాలిటీ నుంచి వచ్చిన పాత ఫైలు కట్టకున్న ఎర్ర నాడా విప్పగానే ముందు తుమ్ము వచ్చింది. ఎలుకలు కొరికిన అట్ట, గోడల చెమ్మ, ఏళ్ల నాటి దుమ్ము. ఒక్కో కాగితం తిప్పుతూ పోతుంటే ఒక మడతలోంచి మూడు సోంపు గింజలు బల్లమీద రాలాయి. నల్లగా ఎండిపోయాయి. వాసన ఉండదని తెలిసి కూడా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అంతే, మా పాత కిరాయి ఆఫీసు గదిలో ఎదురుగా కూర్చుని, సోంపు నములుతూ, సగం బ్లేడుతో పెన్సిలు చెక్కుతున్న హన్మాండ్లు సారు కళ్లముందుకు వచ్చేశారు.

బాన్సువాడ ఇంకా గ్రామ పంచాయతీగా ఉన్న రోజుల్లో సారు దానికి వకీలు. ఊరి మీద ఎవరు దావా వేసినా, కింది కోర్టులో అయినా, నిజామాబాద్‌లో అప్పీలయినా, పంచాయతీ తరఫున నిలబడేది ఆయనే. ఇప్పుడు మున్సిపాలిటీకి ఆ పని నేను చేస్తున్నాను. ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన రోజు నేను వాదనలు నేర్చుకుంటానని, నల్లకోటు వేసుకుని గడగడా మాట్లాడతానని ఎంతో ఊహించుకుని వెళ్లాను. ఆయన ఒక పెన్సిలు చేతికిచ్చి, పంచాయతీ ఫైలు ఒకటి ముందు పడేసి, "అంకెలు వెయ్యి" అన్నారు. ప్రతి కాగితానికి కుడివైపు పై మూలన ఒక అంకె. ఖాళీ కాగితమైనా, చిరిగిన చీటీ అయినా, అంకె పడాల్సిందే. చివరి అంకె పడేదాకా కేసు గురించి ఒక్క మాట మాట్లాడనిచ్చేవారు కాదు. ఆరు నెలలు అంకెలే వేశాను. లా చదివింది ఇందుకా అని ఇంటికెళ్లి మా అమ్మ మీద అరిచేదాన్ని.

మాది కాలువ పక్కన క్యాంపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి వరి పొలాలు కొనుక్కున్న కుటుంబాల్లో మాదొకటి. నా యాస సారుకి పెద్ద వేడుక. నేను "ఏమిటండీ" అంటే చాలు, "ఏమిటండీ కాదు, ఏంది అను. జడ్జి సాబుకు నువ్వు సమజైతవ్, బయట కూసున్న పార్టీకి సమజ్ గావు" అని నవ్వేవారు. కోపం వస్తే మాత్రం నవ్వూ ఉండదు, మాటా ఉండదు. పెన్సిలు చెక్కడం మొదలుపెట్టేవారు. పెన్సిలు ఎంత పొట్టిదైతే నేను చేసిన తప్పు అంత పెద్దదని లెక్క.

ఈ ఫైలు లచ్చవ్వది. బస్టాండుకు పోయే సందులో ఆమెకు రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు కాస్త జాగా ఉండేవి. ఆ జాగాలో పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి మార్కెట్ హమాలీలకు అమ్మేది. భర్త లేడు, పిల్లలు చిన్నవాళ్లు, ఆ పొయ్యే ఆమె బతుకు. ఆ జాగా సందులో భాగమని, అక్కడ మోరీ, అంటే మురుగు కాలువ, కట్టాలని పంచాయతీ నోటీసు ఇచ్చింది. ఆమె కోర్టుకెళ్లింది. సరిగ్గా ఆ నెలలోనే సారు కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నారు. కళ్లకు కట్టు, చదవకూడదని డాక్టర్ ఆంక్ష. పంచాయతీ ఫైలుకి అంకెలు వేసి, కోర్టులో పెట్టాల్సిన కాగితాల జాబితా తయారుచేసే పని నా మీద పడింది. ఎంత సంబరపడ్డానో!

ముప్పై ఎనిమిది కాగితాలకు అంకెలు వేశాను. అడుగున ఇంకో రెండు మిగిలాయి. పచ్చబారిన కాగితాలు, నిండా ఉర్దూ. నాకు ఒక్క అక్షరం రాదు. నిజాం నాటి చెత్త ఏదో ఫైల్లో కలిసిపోయి ఉంటుంది అనుకున్నాను. అంకె వేస్తే అదేమిటో జాబితాలో రాయాలి, రాయాలంటే చదవాలి. అందుకని వాటికి అంకె వేయకుండా అట్టకు ఆనించి, నాడా కట్టేశాను. పట్టుమని ఒక్క నిమిషం పట్టలేదు ఆ పనికి.

సారు కళ్లు బాగయ్యాక నా జాబితా నమ్మి కేసు నడిపారు. బోనులో నిలబడ్డ లచ్చవ్వని అడిగారు. "జాగ నీదంటున్నవ్ గద అవ్వా, కాగితం ఉన్నదా?"

"కాగితం సంగతి మా మామకెరుక. మామ సచ్చిపోయిండు."

"మరి నీదని ఎట్లంటవ్?"

"నాదే గనక నాదంటున్న. ఊరోళ్లదైతే ఊరోళ్లదందును."

కోర్టు హాల్లో నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. దావా కొట్టేశారు. ఆరోజు బస్టాండులో జిలేబీ కొనుక్కుని తిన్నాను కూడా. ఆమె అప్పీలుకు వెళ్లింది. ఆ తీర్పు వచ్చేదాకా పొయ్యి జోలికి పోవద్దని పై కోర్టు పంచాయతీకి చెప్పింది.

అప్పీలు నోటీసు వచ్చాక సారు అసలు ఫైలు మళ్లీ తెప్పించారు. ఆ రోజు పొద్దున్నే, మా గది కిందనున్న ట్రాక్టరు సామాన్ల దుకాణం ఇంకా తెరవలేదు, చెరుకు బండ్లు వరసగా పోతున్నాయి. ఒక్కొక్క అంకె చూసుకుంటూ ముప్పై ఎనిమిది దాటి, అట్ట దగ్గర ఆగారు.

"గివేంది?"

"ఉర్దూ కాగితాలు సార్. పాతవి."

"నంబర్ ఏది?"

"నాకు చదవడం రాదు కదా సార్, అందుకని..."

ఆయన ఉర్దూ మీడియంలో చదువుకున్న తరం. కళ్లద్దాలు తుడుచుకుని చదవడం మొదలుపెట్టారు. రెండో కాగితం పూర్తయ్యాక పెన్సిలు తీసి చెక్కసాగారు. చెక్కుతూనే ఉన్నారు. పెన్సిలు బొటనవేలంత అయ్యాక చెప్పారు. మొదటిది లచ్చవ్వ మామ పెట్టుకున్న దరఖాస్తు. రెండోది పంచాయతీ ముద్ర ఉన్న జవాబు. ఇంటి వెనక బాట వెడల్పు కోసం ఆయన తన జాగా ఇచ్చాడు, దానికి బదులుగా ఇంటి ముందు జాగా ఆయనకు ఇస్తున్నాం అని అందులో ఉంది. ఆ వెనక బాటే ఇవాళ మనందరం ఆటోల్లో పోయే రోడ్డు. ఊరంతా ఆమె జాగా తొక్కుతూ వెళ్లి, ఆమె ఇంటి ముందున్నది కూడా మాదే అని కోర్టులో గెలిచాం.

ఆ మధ్యాహ్నమే సారు నన్ను వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్లారు. అక్కడి పెద్ద అధికారి ఈవో అంతా విని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"గెలిచిన కేసు గద సార్, ఎందుకు గెలుకుడు? ఆ ఉర్దూ ఇప్పుడు ఎవ్వలు చదువుతరు? గట్లనే ఉండనియ్యుండ్రి."

"నేను చదివిన గద. ఇగ చదవనట్టు ఎట్లుంటా?"

"మోరీ ఎట్ల గట్టాలె మరి?"

"సందుకు రెండు దిక్కులుంటయి. అవతలి దిక్కు కట్టుండ్రి. కాగితం కోర్టుల పెట్టుమని పంచాయతీ తీర్మానం చేసి నాకియ్యి. ఇయ్యనంటే నా వకాల్తా వాపస్ తీస్కో."

తీర్మానం అంత సులభంగా రాలేదు. రెండు వాయిదాలు గడిచాయి. ప్రతి వాయిదాకి సారు గడువు అడగడం, గదికొచ్చి పెన్సిలు చెక్కడం. సారు పాతికేళ్లుగా చేస్తున్న పని పోతుందని నాకు భయం. మోరీ పేరుతో పొయ్యి పోతుందన్న భయం నాకంటే లచ్చవ్వకు ఎన్ని రెట్లు ఉండి ఉంటుందో అప్పుడు తోచనే లేదు, నా మొహం మండ. చివరికి ఒకరోజు సారు సర్పంచునీ ఈవోనీ ఆ వెనక రోడ్డు మీదికి తీసుకెళ్లి, కాగితంలో ఉన్న హద్దులు అడుగులతో కొలిచి చూపించారు. ఎండలో, అరవై దాటిన మనిషి. మర్నాడు తీర్మానం వచ్చింది.

నిజామాబాద్ కోర్టులో జడ్జి ఆ కాగితాలు చూసి ఆశ్చర్యపోయారు. "మీరు పంచాయతీ తరఫునే కదా? ఇవి మీకే వ్యతిరేకంగా ఉన్నాయి. ఇంతకుముందు ఎందుకు పెట్టలేదు?"

సారు వెనక నేను నిలబడి ఉన్నాను. ఆయన ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.

"ఫైలు పూర్తిగా చూసుకోలేదండీ. ఆ తప్పు నాది" అన్నారు.

తిరుగు బస్సులో నాకు కిటికీ సీటు ఇచ్చారు. దారిలో వర్ని ఊరు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆయన సోంపు పొట్లం విప్పి నా చేతిలో కొంత పోశారు. "ఏడిస్తే నంబర్ పడ్తదా? రేపటి సంది అలీఫ్, బే నేర్చుకో" అన్నారు. మర్నాడు పొద్దున వాయిదాల కాగితం వెనక పెద్ద ఉర్దూ అక్షరాలు రాసి దిద్దించారు. ముప్పై దగ్గర పడుతున్న వయసులో, ఒళ్లో ఫైలు పెట్టుకుని, చిన్నపిల్లలా దిద్దుకున్నాను.

అప్పీలు లచ్చవ్వ గెలిచింది. తన వకీలు నోటి బలంతోనే గెలిచాననుకుంది. ఆ వకీలు కూడా కాదనలేదు. ఒకరోజు మేం ఆ సందులో పోతుంటే పొయ్యి దగ్గర నుంచే కేకేసింది. "ఏమాయె వకీలా? పెద్ద కోర్టుల నీ నోరు వడిపోయిందట గద!"

సారు రెండు చేతులు జోడించారు. "ఓడిపోయిన అవ్వా. నువ్వే గెలిచినవ్. రెండు రొట్టెలియ్యి."

నాకు ఉడికిపోయింది. అసలు సంగతి చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. దూరం వచ్చాక అన్నారు. "ఆమె జాగ ఆమెకు వోయింది. దానికి మనకు శాలువ గప్పాల్నా?" రొట్టె తుంచి నాకు సగమిచ్చారు. వేడి వేడి రొట్టె, ఎర్ర కారం. ఆయన బతికున్నన్ని రోజులు ఆమె ఆ దెప్పు మానలేదు, ఆయన ఓడిపోయానని ఒప్పుకోవడం మానలేదు. సారు పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటే నాకు దుఃఖం ఆగదు.

ఇప్పుడు ఆ సందును వెడల్పు చేస్తారట. అందుకే ఈ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. పైన ఆఫీసువాళ్లు గుచ్చిన చీటీ ఉంది. "లచ్చవ్వ ఇంటి ముందు జాగా పంచాయతీదని కింది కోర్టు తీర్పు ఉంది. చివరి రెండు కాగితాలు పాతవి, అవసరం లేదు." అప్పీలు తీర్పు ఎక్కడుందో వాళ్లు వెతకనేలేదు. చివరికి తిప్పాను. ముప్పై తొమ్మిది, నలభై. సారు చేతి అంకెలు, కొంచెం వంకరగా. కోర్టు నుంచి వాపసు వచ్చిన అసలు కాగితాలు. ఉర్దూ అక్షరాలు కూడబలుక్కుని చదివాను. మెల్లగానే అయినా, మొత్తం చదివాను. ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాను, జాగా ఆమెది, కావాలంటే చట్టప్రకారం ఆమెను అడిగి తీసుకోవాలి, ఊరికే తీసుకుంటామంటే ఈసారి నా వకాల్తా వాపసు అని. చీటీ రాసిందెవరని నేను అడగలేదు.

సాయంత్రం ఆ సందులోకి నడిచి వెళ్లాను. లచ్చవ్వ బాగా ముసలిదైంది. పొయ్యి కోడలు చూసుకుంటోంది, ఆమె పక్కన పీట మీద కూర్చుంది. నా నల్లకోటు చూడగానే మొహం ముడుచుకుంది.

"ఆ ముసలోడు పోయిండు, ఇగ నువ్వు మోపైనవా? మల్ల నోటీసు తెచ్చినవా?"

"లేదు అవ్వా. ఆ జాగ నీదేనని చెప్పిపోదామని వచ్చిన." నా నోట ఆ యాస ఎప్పుడు వచ్చి చేరిందో నాకే తెలియదు.

ఆమె నన్ను కాసేపు ఎగాదిగా చూసింది.

"నాదని నాకెప్పుడెరుకే బిడ్డా. మీకెరుక గావాలె."

ఆమె పీట కాస్త పక్కకు జరిపి కూర్చోమంది. కూర్చుని, రెండు రొట్టెలు అడిగాను.