తంగేడు పువ్వుకు పరామర్శలు

ఆ రోజుల్లో అనగానే గుర్రబ్బండ్లూ కిరసనాయిలు దీపాలూ ఊహించుకోకండి. ఫోన్లూ, ఫోన్లలో నెట్టూ వచ్చేసిన కాలమే. కాకపోతే మా జనగామలో ఫోటో అంటే పెళ్లిదో, పుట్టినరోజుదో, లేదంటే దండ వేసుకుని గోడెక్కిందో అయ్యుండాలి. పువ్వుకు ఫోటో తీయడమే వింత. అందులోనూ రంగు తీసేసి తీయడం మా కిరాణా దుకాణం వంశంలో కనీవినీ ఎరుగని సంగతి. ఆ ఘనకార్యం నేను చేశాను. అప్పుడే ఇంటర్ అయిపోయి, ఈ ఊళ్లో నాకు తప్ప ఎవరికీ కళ్లు లేవని గట్టిగా నమ్ముతున్నాను.

ఫోన్‌కు తగిలించే బొత్తామంత లెన్సు (చీమను ఏనుగు చేసి చూపే రకం) ఒకటి తెప్పించుకుని, దేవరుప్పుల రోడ్డు పక్కన తంగేడు పొదల్లో బోర్లా పడుకునేదాన్ని. పువ్వు వెనక నల్లగా రావాలని మా బాపు (నాన్న) గొడుగు తెరిచి అడ్డం పెట్టేదాన్ని. పోయే ఆటోవాళ్లు ఆపి, "పాము గిట్ల కరిచిందా చెల్లె?" అని పరేషాన్ అయ్యేవాళ్లు. చివరికి ఒక ఫోటో కుదిరింది. పసుపు పోయేసరికి రేకుల్లోని ఈనెలన్నీ బయటపడ్డాయి. వంకర తిరిగిన కేసరాల నీడ రేకు మీద సన్నగా పడింది. నిజం చెప్పొద్దూ, ఇవాళ చూసినా అది మంచి ఫోటోనే.

బాపుకు చూపిస్తే కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపి, "తంగేడు పువ్వుకు పసుపే తీసేస్తివి, ఇంకేం మిగిలింది బిడ్డా?" అన్నాడు. "రంగుంటే అందరు రంగే చూస్తరు బాపూ, నరం చూడరు" అని నేను పెద్ద గొంతు పెట్టుకుని చెప్పాను. అసలు పంచాయితీ పువ్వు గురించి కాదు. హైదరాబాద్ పోయి ఫోటోగ్రఫీ కోర్సు చేస్తానని నేను, బీకాం చదివి గల్లా మీద కూసోమని ఆయన. నేను అన్నం మీద అలిగాక ఒప్పందం కుదిరింది. "గీ ఫోటో దుకాణంల పెడత. సద్దుల బతుకమ్మ లోపల ఒక్కలన్న బాగుందంటే నువ్వు పో. అనకుంటే మళ్ల ఆ మాట ఎత్తొద్దు."

ఫ్రేములు కట్టే మామ ఫోటో చూసి గంభీరంగా, "పేరు, తారీఖులు చెప్పు బిడ్డా, కింద రాస్త" అన్నాడు. పువ్వే మామా అని ఎంత మొత్తుకున్నా, నలుపు తెలుపు ఫోటోను ఉత్తగా పంపడానికి ఆయనకు చేతులు రాలేదు. గంధం దండ ఒకటి వేసి మరీ ఇచ్చాడు. తీసేద్దామంటే బాపు, "ఊకె ఇచ్చిండు, ఉండనీయ్" అన్నాడు (వ్యాపారస్తుడు కదా, పైసా ఇవ్వకుండా వచ్చింది పారేయడు). దుకాణంలో ఖాళీగా ఉన్న మేకు, కాలం చేసిన మా తాత ఫోటో పక్కనే ఉంది.

ఇక పరామర్శలు మొదలయ్యాయి. చింతపండుకు వచ్చిన అవ్వ పైకి చూసి, "అయ్యో సేటూ, ఎవలు పోయిండ్రు? పాపం, ఒక్క ఫోటో సుత దిగకుండనే పోయిండ్రా, పువ్వు పెట్టుకున్నరు?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకాయన చెప్పులు విడిచి దండం పెట్టాడు. ఇంకొకామె నన్ను దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. బాగుందని మాత్రం ఒక్కరూ అనలేదు. దండ తీసేసినా లాభం లేకపోయింది, వార్త అప్పటికే బజారంతా పాకింది. బతుకమ్మ దగ్గరపడుతుంటే నాకు లోపల ఏడుపు తన్నుకొచ్చేది.

సద్దుల బతుకమ్మ ముందు రోజు మానుకోట నుంచి మిర్చి సేటు వచ్చాడు. ఫోటో ముందు తలవంచి నిలబడి, బాపు భుజం పట్టుకుని, "ధైర్యంగ ఉండన్నా. పోయినోళ్లు మళ్ల రారు" అన్నాడు. అంతే, బాపుకు ఎక్కడలేని కోపం వచ్చింది. స్టూలెక్కి ఫోటో దించి ఆయన ముక్కు ముందు పెట్టాడు.

"ఎవలు పోలే! పువ్వయ్యా ఇది, తంగేడు పువ్వు! మా బిడ్డ తీసింది. పుట్టినకాడికెల్లి చూస్తున్నవు గదా, దీనికి గిన్ని నరాలుంటయని ఎన్నడన్న చూసినవా? రంగుంటే రంగే చూస్తవు, నరం చూడవు. గా నీడ చూడు ఎట్ల పడ్డదో! ఇంత బాగుంటే కండ్లు కనిపిస్తలేవా నీకు?"

చక్కెర బస్తాల వెనక నిలబడ్డ నేను మెల్లగా, "బాపూ, ఒకలన్నరు" అన్నాను.

ఆయన నావైపు చూశాడు, చేతిలో ఫోటో వైపు చూశాడు. "నేనే అన్న. అయితేంది? బాగుంది గనుకనే అన్న" అని మళ్లీ మిర్చి సేటు మీదికే ఎగిరాడు. "పండుగ కాంగనే పోతది హైదరాబాద్, రాసుకో!"

ఇప్పుడు భూపాలపల్లి అడవుల్లో, కొత్తగూడ పోడు చేల గట్ల మీద పువ్వుల కోసం పాకుతుంటాను. నా నలుపు తెలుపు పువ్వులు మంచి మంచి హాళ్లలో గోడలెక్కాయి. పెద్దవాళ్లు నెమ్మదిగా, మర్యాదగా మెచ్చుకుంటారు. నా కళ చూసే ఊరు మారిందని ఆ రోజు మురిసిపోయిన నన్ను నేను తలచుకుంటే నవ్వొస్తుంది. ఊరేం మారలేదు, మా బాపు మారాడు. ఎన్ని మెప్పులు వచ్చినా, నన్ను అంత కోపంగా పొగిడిన మనిషి మాత్రం మళ్లీ దొరకలేదు.